నోరు మరచిన నొప్పి

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. దక్షిణానికి పోతే తమిళదేశం, పడమటికి పోతే కన్నడదేశం, నడుమ మన తెలుగు. సంతలో కాసేపు నిలుచున్నవారికి ఈ మూడు భాషలూ, వాటితోపాటు ఉర్దూ కూడా చెవిన పడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఈ ఊరిని ఎన్నుకొనడంలో ఔచిత్యం ఉన్నదని ఎవరైనా ఒప్పుకొంటారు. భాషావేత్తలు చెప్పే చిన్న సంగతి ఒకటి మా ప్రసంగానికి నాందిగా పనికివస్తుంది. తమిళులు 'నోవు' అంటారు. కన్నడిగులూ 'నోవు' అంటారు. మన పాత తెలుగులో 'నొవ్వు' ఉన్నది, నేటి వాడుకలో 'నొప్పి' ఉన్నది. ఈ మాటలన్నిటికీ ధాతువు ఒక్కటే. రాజ్యాలు, లిపులు, భాషలు వేరుపడిన తరువాత కూడా బాధను చెప్పుకొనే మాట మాత్రం ఈ అన్నదమ్ముల మధ్య పంపకాలకు రాకుండా ఉమ్మడి ఆస్తిగానే నిలిచినది.

ఆ ఒక్క మాటతో మనవారు తృప్తిపడలేదు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల పల్లెలలో ఏ ముసలమ్మనైనా మోకాలు ఎట్లున్నదని అడిగి చూడండి. 'నొస్తాంది' అని ఊరుకొనదు. సలుపుతాంది, గుంజుతాంది, పెరుకుతాంది, జివ్వుమంటాంది అని తేడా తెలిసి చెబుతుంది. పోటు వేరు, తీపు వేరు. మంట వేరు, తిమ్మిరి వేరు. కడుపులో నులినొప్పి వేరు, పక్కలో కుట్టు వేరు. ఇవి కవిత్వం కొరకు పుట్టిన పర్యాయపదాలు కావు. గోరుచుట్టు సలుపుతుంది కాని గుంజదు. పిక్క గుంజుతుంది కాని సలపదు. నాటువైద్యుడు ఈ మాటలను బట్టే మందు నూరేవాడు.

ప్రాచీనులకూ ఈ విషయం తెలుసు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో వ్రణాల వలన కలిగే వేదనలకు ఒక పెద్ద పట్టిక ఉన్నది. పొడిచినట్లుండేది తోదనం, చీల్చినట్లుండేది భేదనం, నరికినట్లుండేది ఛేదనం, చిలికినట్లుండేది మంథనం, చిమచిమలాడేది చుముచుమాయనం. ఈ విధంగా ఎన్నో. పశ్చిమ దేశాల వైద్యులు ఇటువంటి పట్టిక కొరకు చాలాకాలం వేచి ఉండవలసి వచ్చినది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ అనే మనశ్శాస్త్రవేత్త రోగులు తమ బాధను వర్ణించే మాటలను పోగుచేసి, 78 మాటలను 20 వర్గాలుగా కూర్చి, 1975లో ఒక ప్రశ్నావళిని ప్రకటించినాడు. నేటికీ నొప్పిని కొలిచే సాధనాలలో దానికి పెద్దపీట ఉన్నది. ఆసుపత్రులలో ఇంకొక సులభమైన పద్ధతి కూడా వాడుకలోకి వచ్చినది. 'సున్న అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనిది. మీ నొప్పి ఎంత?' అని అడుగుతారు.

సుశ్రుతుని పట్టిక, మెక్‌గిల్ ప్రశ్నావళి, సున్న నుండి పది వరకు లెక్క, మన అవ్వల పలుకుబడి, ఇవన్నీ ఒక్క షరతుమీద ఆధారపడి ఉన్నవి. రోగికి నోట మాట ఉండవలె. అడిగిన ప్రశ్న తెలియవలె. నొప్పి ఎక్కడిదో, ఎప్పటిదో గుర్తుండవలె. ఆ షరతు తప్పినవారి సంగతి ఏమిటి? వైద్యశాస్త్రం ఈ ప్రశ్న వేసుకొనడానికి ఆశ్చర్యం కలిగించేటంత ఆలస్యం చేసినది. ఆ ఆలస్యపు చరిత్రయే నేటి మా విషయం.

వయసు మళ్లినవారిలో జ్ఞాపకం, మాట, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బును వైద్యులు డిమెన్షియా అంటారు. మన ఇండ్లలో దీనికి చాదస్తమనీ, మతి తప్పినదనీ, రెండవ బాల్యమనీ పేర్లు. దానిలో మిక్కిలి ప్రసిద్ధమైన రకానికి జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్‌జైమర్ పేరు స్థిరపడినది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని ఆసుపత్రిలో ఆయన ఆగస్టె డీటర్ అనే 51 ఏండ్ల స్త్రీని పరీక్షించినాడు. ఆమెకు తన పేరు వ్రాయడం కూడా చేతకాలేదు. రానురాను మాట పోయినది, అరుపులు మిగిలినవి. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయినది. ఆ సంవత్సరం నవంబరులో ట్యూబింగెన్ నగరంలో జరిగిన వైద్యుల సభలో అల్‌జైమర్ ఆమె మెదడులో సూక్ష్మదర్శిని క్రింద తాను చూచిన మార్పులను వివరించినాడు. 1910లో ఆయన గురువు ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు శిష్యుని పేరు పెట్టినాడు.

ఇది అందరూ చెప్పే కథ. అంతగా చెప్పనిది ఒకటి ఉన్నది. ఆగస్టె డీటర్ ప్రాణం తీసినది పడకపుండ్ల ద్వారా రక్తానికి ఎక్కిన విషం. కదలలేక మంచంపై ముడుచుకొని పడి ఉన్న మనిషికి, వీపు క్రింద పుండ్లు పడిన మనిషికి, నొప్పి లేకుండునా? ఆమె అరుపులలో జబ్బు వలన వచ్చినవి ఎన్నో, పుండ్ల వలన వచ్చినవి ఎన్నో నేడు ఎవరూ తేల్చలేరు. అయితే ఆమె మెదడు ప్రపంచ ప్రసిద్ధమైనది. ఆమె వీపు సంగతి పుస్తకాలలో ఒక్క వాక్యంతో ముగిసినది. తరువాత వచ్చిన దాదాపు 80 ఏండ్ల వైద్యం కూడా ఇదే దారిలో నడిచినది. మతి పోయినవారి మెదడును శ్రద్ధగా చదివినారు. దేహాన్ని అడగడం మరచినారు.

ఎందుకు మరచినారు? తెలివి తప్పినవారికి నొప్పి కూడా అంతగా తెలియదనే ఊహ ఒకటి లోలోపల పనిచేసినది. ఇటువంటి ఊహకు పసిపిల్లలు కూడా గురియైనారు. 1980ల వరకు పెద్ద పెద్ద దేశాలలో సైతం అప్పుడే పుట్టిన శిశువులకు చాలినంత మత్తు ఇవ్వకుండా శస్త్రచికిత్సలు చేసిన సందర్భాలు ఉన్నవి. భారతదేశంలో పుట్టిన వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్ తన సహచరునితో కలిసి 1987లో ప్రకటించిన వ్యాసం ఆ పద్ధతిని మార్చడానికి గొప్పగా తోడ్పడినది. శిశువుల విషయం తల్లుల చెవిన పడి లోకం కదిలినది. ముసలివారి పక్షాన ఆ కదలిక రావడానికి ఇంకా కొంత కాలం పట్టినది.

2000లో న్యూయార్కు నుండి మారిసన్, స్యూ అనే వైద్యులు ఒక పరిశీలనను ప్రకటించినారు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన వృద్ధులను వారు రెండు తెగలుగా చూచినారు. తెలివి సరిగా ఉన్నవారు కొందరు, డిమెన్షియా ముదిరినవారు కొందరు. విరిగిన ఎముక ఇద్దరికీ ఒక్కటే. చేసిన చికిత్స ఒక్కటే. అయినా మతి తప్పినవారికి అందిన మార్ఫిన్ జాతి మందు, తెలివి ఉన్నవారికి అందినదానిలో మూడవ వంతు మాత్రమే. ఆ వైద్యులు, నర్సులు క్రూరులని అనుకొనడానికి వీలులేదు. అడిగినవారికి ఇచ్చినారు, అడగనివారికి ఇవ్వలేదు. మన ఇండ్లలోనూ జరిగేది ఇదే కదా!

నిజంగా వారికి నొప్పి తెలియదా అన్న శంకను తీర్చే పని కూడా ఆ రోజులలోనే సాగినది. 2006లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు అల్‌జైమర్ జబ్బు ఉన్నవారి బొటనవ్రేలి గోటిపై కొలిచిన ఒత్తిడి పెట్టి, అదే సమయంలో మెదడును స్కానింగు యంత్రంతో చిత్రించినారు. నొప్పికి మేలుకొనే మెదడు భాగాలు వారిలోనూ మేలుకొన్నవి. ఆరోగ్యవంతులలో కంటె తగ్గలేదు. నొప్పి లోపలికి చేరుతున్నది. దానిని మాటగా మలచి వెలికి పంపే దారి మాత్రమే పూడిపోయినది. అదే సంవత్సరం ఇటలీలోని ట్యూరిన్ నుండి బెనెడెట్టి బృందం ఇంకొక విచిత్రమైన సంగతి చెప్పినది. మందు వేసుకొన్నాను, తగ్గుతుంది అనే నమ్మకం మనకు సగం బలం ఇస్తుంది. మతిమరపు ముదిరినవారికి మందు వేసుకొన్నామన్న ఎరుకే నిలువదు గనుక ఆ సగం బలం లేదు. అంటే తగినంత ఉపశమనం కలగడానికి వారికి ఒక్కొక్కప్పుడు మందు హెచ్చుగా కావలసి వస్తుంది. లోకంలో జరిగినదేమో దీనికి సరిగ్గా తలక్రిందులు.

ఇక మదనపల్లెకు వస్తాము. ఈ ఊరికి రోగి నోరు విప్పకముందే రోగాన్ని వెదకి పట్టుకొనే విద్యలో గొప్ప చరిత్ర ఉన్నది. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తున, పొడిగాలి వీచే ఈ కొండసీమ క్షయరోగులకు మంచిదని ఎంచి, పలు క్రైస్తవ మిషనులు కలిసి ఊరి వెలుపల ఒక ఆరోగ్యశాలను నెలకొల్పినవి. 1915లో తెరచిన ఆ సంస్థ పుణ్యాన ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చినది. డెన్మార్కు దేశస్థుడు క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్ దానికి తొలి అధిపతి. తరువాతి కాలంలో అక్కడ పనిచేసిన డాక్టరు పి.వి. బెంజమిన్ భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయినారు. దేశంలో బి.సి.జి. టీకా పని 1948లో ఆరంభమైనప్పుడు మొదట సూది పడిన చోట్లలో మదనపల్లె ఒకటి.

మాకు వీటికంటె ముఖ్యమని తోచేది 1950 నుండి 1955 వరకు జరిగిన పల్లెల పరిశీలన. యోహనెస్ ఫ్రిమాట్-మోలర్ నాయకత్వంలో ఆరోగ్యవరం వారు చుట్టుప్రక్కల గ్రామాలలో ఇంటింటికీ పోయి జనులను లెక్కించి, చర్మపరీక్షలు చేసి, ఎక్స్‌రే తీసినారు. ఆ పని వివరాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో 1960లో ప్రచురించినది. ఆసుపత్రి మెట్లు ఎక్కి 'నాకు దగ్గు' అని చెప్పుకొన్నవారినే లెక్కపెడితే ఊరి జబ్బు లెక్కకు రాదని ఆ వైద్యులకు తెలుసు. అడగనివారి గడపకు వైద్యం తానే నడచి వెళ్లినది.

ఆ నడక నేడు ఇంకొక రూపంలో, మదనపల్లెకు దూరం కాని చోటనే సాగుతున్నది. మదనపల్లె నుండి రాయల్పాడు మీదుగా పడమటికి పోతే మామిడితోటల శ్రీనివాసపురం వస్తుంది. ఊరు కర్ణాటకంలోని కోలారు జిల్లాది; పల్లెలలో మాట చాలావరకు తెలుగే. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం 2018లో ఈ తాలూకా పల్లెలలో ఒక దీర్ఘకాల పరిశీలన ఆరంభించినది. 45 ఏండ్లు దాటిన పల్లెవాసులను 10,000 మంది వరకు చేర్చుకొని, వారి జ్ఞాపకశక్తిని, దేహస్థితిని ఏండ్ల తరబడి గమనించవలెనని సంకల్పం. వృద్ధాప్యంలో మతి ఎట్లు మారుతుందో పల్లెటూరి మనిషిలో చూడడం మన దేశంలో అరుదు.

దేశమంతటి లెక్క కూడా ఈ మధ్యనే తేలినది. 2023లో ప్రకటితమైన అఖిల భారత పరిశీలన ప్రకారం 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉన్నది. అంటే సుమారు 88 లక్షల మంది. పురుషులలో కంటె స్త్రీలలో, పట్టణాలలో కంటె పల్లెలలో, చదువుకొన్నవారిలో కంటె చదువు లేనివారిలో ఎక్కువ. ఈ మూడు మాటలను కలిపి చదివితే మన కండ్ల ముందు నిలిచేది ఎవరు? వేరుసెనగ చేలలో నడుము వంచి, టొమాటో గంపలు మోసి, పట్టుపురుగులకు ఆకు కోసి, మోకాళ్లు అరగదీసుకొన్న మన జేజి.

ఆమె పిల్లలలో ఒకరు బెంగుళూరులో ఉంటారు. ఇంట కోడలు ఒక్కతే చూచుకొంటుంది. జేజి పగలు ఊరుకొని ప్రొద్దు గూకే వేళకు లేచి తిరుగుతుంది. స్నానం చేయించబోతే కొడుతుంది. అన్నం ముద్ద నోట పెడితే ఉమ్ముతుంది. రాత్రి ఒకే మాట పదేపదే అరుస్తుంది. ఇరుగుపొరుగు చాదస్తం ముదిరినదంటారు. పక్క ఊరి డాక్టరు దగ్గరకు పోతే నిద్రమాత్ర వస్తుంది. జేజి మగతగా పడుకొంటుంది. ఇల్లు నెమ్మదిస్తుంది.

ఆమె ఉమ్మినది అన్నం నచ్చక కావచ్చు. పుచ్చిన దంతం వలన కూడా కావచ్చు. స్నానం దగ్గర కొట్టినది చేయి పైకెత్తినప్పుడు భుజం పట్టుకొన్నందుకు కావచ్చు. సాయంత్రపు తిరుగుడు మూడు నాళ్లుగా విరేచనం కాకపోవడం వలన కావచ్చు, మూత్రం బిగబట్టడం వలన కావచ్చు. ఎప్పుడో జారిపడినప్పుడు చిట్లిన వెన్నుపూస సంగతి ఆమెకే గుర్తులేదు. ఇటువంటి కారణాలను వెదకకుండా ఇచ్చే మత్తుమందుల వలన అపాయం తక్కువేమీ కాదు. డిమెన్షియా ఉన్న వృద్ధులకు మనోవ్యాధి మందులు ఇస్తే మరణాలు హెచ్చుతున్నవని 2005లో అమెరికా ఔషధ శాఖ గట్టి హెచ్చరిక చేసినది. 2009లో బ్రిటిషు ప్రభుత్వం కొరకు ప్రొఫెసర్ సుబే బెనర్జీ తయారుచేసిన నివేదిక ఇంకా నిష్కర్షగా మాట్లాడినది. ఆ దేశంలో సుమారు 1,80,000 మంది డిమెన్షియా రోగులు ఆ మందులపై ఉన్నారనీ, అందువలన ఏటా 1,800 మరణాలు అదనంగా జరుగుతున్నవనీ అందులో లెక్క కట్టినారు.

మరి నోటిమాట లేకుండా నొప్పిని పట్టేది ఎట్లు? దీనికి జవాబు కొరకు పుంగనూరు వైపు చూడమంటాము. పుంగనూరు పొట్టి ఆవు లోకప్రసిద్ధం. మూడడుగులు దాటని ఆ చిన్న పశువును సాకే రైతు దాని బాధను ఏ ప్రశ్నావళితోనూ కనుక్కొనడు. మేత ముట్టలేదు, నెమరు ఆగినది, చెవులు వ్రేలాడినవి, పండ్లు కొరుకుతున్నది, కడుపు వైపు తిరిగి చూస్తున్నది. ఇంత చాలు, పశువుల డాక్టరుకు కబురు పోతుంది. మనుషులను పశువులతో పోలుస్తున్నారని ఎవరూ కష్టపెట్టుకొనవలదు. మూగజీవికి చూపే పాటి చూపు మూగవోయిన తల్లికి దక్కడం లేదన్నదే మా బాధ. చార్లెస్ డార్విన్ 1872లో మనుషులలో, జంతువులలో భావాలు ముఖాన వ్యక్తమయ్యే తీరుపై గ్రంథమే వ్రాసినాడు; కనుబొమలు ముడిపడడం, పండ్లు బిగించడం వంటివి అందులో వర్ణితమైనవి. 2010లో కెనడా శాస్త్రజ్ఞులు ఎలుక ముఖం చూచి దాని నొప్పిని అంకెలలో చెప్పే కొలత తయారుచేసినారు. రైతుకు తెలిసినది ప్రయోగశాలకు చేరడానికి ఇంత కాలం పట్టినది.

మనుషుల విషయంలో ఈ దారి తొక్కినవారు ఎక్కువగా నర్సులు కావడం గమనింపదగినది. అమెరికాలో ఆన్ హర్లీ అనే నర్సు, ఆమె తోటివారు 1992లో, డిమెన్షియా ముదిరినవారి అసౌఖ్యాన్ని చూచి కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించినారు. అది కొంచెం క్లిష్టమైనది. దానిని సులభం చేసి 2003లో విక్టోరియా వార్డెన్, హర్లీ, వోలిసర్ అనేవారు 'పెయినాడ్' అనే కొలతను తెచ్చినారు. ఆ మరుసటి ఏడు ఆస్ట్రేలియాలో జెన్నిఫర్ ఆబీ పేరిట ఇంకొకటి వెలువడినది. పెయినాడ్ సంగతి కొంచెం వివరంగా చెబుతాము, ఎందుకంటే దీనికి యంత్రం అక్కరలేదు. చూచే కండ్లు, అయిదు నిమిషాల ఓపిక చాలును.

చూడవలసినవి అయిదు. ఊపిరి మామూలుగా ఉన్నదా, ఎగపోస్తున్నదా. నోట మూలుగు, ఏడుపు, అరుపు ఉన్నవా. ముఖం ప్రసన్నంగా ఉన్నదా, నుదురు ముడిపడి పెదవులు బిగిసినవా. దేహం సడలి ఉన్నదా, పిడికిళ్లు బిగించి మోకాళ్లు ముడుచుకొన్నదా, తాకబోతే నెట్టివేస్తున్నదా. చివరకు, చేయి పట్టుకొని నెమ్మదిగా మాట్లాడితే ఊరట పొందుతున్నదా, ఏమి చేసినా ఊరడిల్లడం లేదా. ఒక్కొక్కదానికి సున్న నుండి రెండు వరకు మార్కులు, మొత్తం పది. పడుకొని ఉన్నప్పుడు ఒకసారి, లేపి కూర్చోబెట్టేటప్పుడో బట్టలు మార్చేటప్పుడో ఇంకొకసారి చూడడం మంచిది. కదలిక లేనప్పుడు దాగిన నొప్పి కదలికలో బయటపడుతుంది. ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. ఈ మార్కులు నొప్పికి తూకపురాళ్లు కావు. భయం వలన, ఆకలి వలన, చలి వలన కూడా మనిషి ముడుచుకొంటాడు. మార్కులు హెచ్చితే కారణం వెదకమని మాత్రమే అర్థం.

ఈ విధంగా వెదకి చికిత్స చేస్తే ఏమవుతుందో నార్వే దేశంలో పరీక్షించి చూచినారు. బెటినా హుసెబో, ఆమె సహచరులు పశ్చిమ నార్వేలోని 18 వృద్ధాశ్రమాలలో, డిమెన్షియాతో కలవరపడుతూ అల్లరి చేసే 352 మందిని ఎన్నుకొన్నారు. సగం చోట్ల మామూలు పద్ధతి కొనసాగినది. మిగిలిన చోట్ల 8 వారాలపాటు మెట్లు మెట్లుగా నొప్పిమందు ఇచ్చినారు. మొదటి మెట్టు మన ఊరి కిరాణా కొట్లలో కూడా దొరికే పారాసెటమాల్. ఎక్కువమందికి అదే సరిపోయినది. 2011లో ఫలితాలు వెలువడినవి. నొప్పిమందు అందినవారిలో కలవరం చెప్పుకోదగినంతగా, మనోవ్యాధి మందులతో వచ్చే మేలుకు తీసిపోనంతగా, తగ్గినది. వారి అల్లరిలో కొంత భాగం అల్లరి కాదు, మొర అన్నమాట. పారాసెటమాల్ చవకైనదని ఇష్టం వచ్చినట్లు మింగించరాదు. మోతాదు మీరితే కాలేయానికి ముప్పు. డాక్టరు చెప్పిన లెక్క తప్పరాదు. గట్టి మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అవి ఈ వయసులో తూలుడు, మలబద్ధం, మగత తెచ్చిపెడతాయి.

గట్టి మందు నిజంగా కావలసినవారికి మన దేశంలో అది దొరకని కాలం ఒకటి నడిచినది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దొంగరవాణాను అరికట్టబోయి ఆసుపత్రి అలమారల నుండి మార్ఫిన్‌ను కూడా దాదాపు వెళ్లగొట్టినది. లైసెన్సు మీద లైసెన్సు తెచ్చుకొనలేక వైద్యులు ఆ మందు ఊసే ఎత్తడం మానినారు. 1993లో కోళికోడులో డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేశ్ కుమార్ మొదలైనవారు నెలకొల్పిన సంఘం రోగి ఇంటి గడప వద్దకే ఉపశమన వైద్యాన్ని తీసుకొనిపోయినది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి తరువాతి కాలంలో ఆ బాట పట్టినది. 2014లో చట్టం సవరింపబడి అనుమతుల చిక్కు కొంత విడినది. ఈ ఉద్యమం మొదట క్యాన్సర్ రోగులను ఉద్దేశించి పుట్టినది. క్యాన్సర్ రోగి నొప్పి అని కేక వేయగలడు గనుక అతని కేక ముందు వినబడినది. ఇది ఎవరి తప్పూ కాదు గాని, వరుసలో మతి తప్పినవారు చివర నిలబడినారు.

భాష సంగతి ఇంకొక మాట మిగిలినది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించిన విషయం మన సరిహద్దు సీమలవారికి సంతోషం కలిగించేది. రెండు భాషలు, అంతకు మించి మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా తలచూపినదట. చదువు రానివారిలో కూడా ఈ మేలు కనబడినది. అయితే జబ్బు వచ్చిన తరువాత పలు భాషలే చిక్కు తెచ్చిపెట్టవచ్చు. చాలామందిలో వెనుక నేర్చిన భాష ముందు జారిపోతుంది. తల్లి ఒడిలో నేర్చినది చివరి వరకు అంటిపెట్టుకొని ఉంటుంది. కృష్ణగిరి వైపు నుండి కుప్పానికి కోడలుగా వచ్చి 50 ఏండ్లు తెలుగులో కాపురం చేసిన అవ్వకు, నొప్పి ఎక్కడ అని తెలుగులో అడిగితే అర్థం కాకపోవచ్చు. ఇంట ఉర్దూ మాట్లాడే పెద్దాయనకు 'దర్ద్' అన్న మాట తగిలినట్లు మన 'నొప్పి' తగలకపోవచ్చు. ఈ శతాబ్దం మొదట్లో కుప్పంలో వైద్యకళాశాల, పెద్ద ఆసుపత్రి వచ్చినవి. మూడు రాష్ట్రాల పల్లెలవారూ అక్కడికి వస్తారు. అటువంటి చోట అవ్వ ఏ ఇంట పుట్టినది, చిన్ననాడు ఏ భాష ఆడినది అన్నది కూడా వైద్యుడు అడిగి వ్రాసుకొనదగిన వివరమేనని మా అభిప్రాయం. ప్రశ్న సూటిగా, చిన్నదిగా, 'ఇక్కడ నోవా?' అని చేయి వేసి అడిగితే, మాట మరచినవారు కూడా కొందరు తల ఊపుతారు.

ప్రపంచంలోని నొప్పి శాస్త్రజ్ఞుల సంఘం నొప్పి అంటే ఏమిటో 1979లో నిర్వచించినది. రోగి చెప్పుకొనే మాటకు అందులో గొప్ప స్థానం ఇచ్చినారు. మాట లేనివారి గతి ఏమిటన్న విమర్శ ఏండ్ల తరబడి వినవచ్చినది. 2020లో నిర్వచనాన్ని సవరించి, దాని క్రింద వివరణలు చేర్చినారు. మాటతో చెప్పడం నొప్పిని తెలియజేసే పలు విధాలలో ఒకటి మాత్రమేననీ, చెప్పలేకపోయినంత మాత్రాన మనిషికి గాని జంతువుకు గాని నొప్పి లేదనరాదనీ అందులో స్పష్టంగా వ్రాసినారు.

ఇంట ఇటువంటి పెద్దవారు ఉన్నవారికి మా మనవి చిన్నది. ఆసుపత్రికి పోయేటప్పుడు మందుల చీటీలతోపాటు ఒక కాగితంపై నాలుగు సంగతులు వ్రాసి తీసుకొనిపోండి: అరుపు ఏ వేళకు వస్తున్నది, ఏ పని చేయించేటప్పుడు వస్తున్నది, చివరిసారి విరేచనం ఎప్పుడైనది, తెలివిగా ఉన్న రోజులలో ఆమె దేనికి బాధపడేది. ఈ నాలుగవది డాక్టరుకు ఏ పరీక్షలోనూ దొరకదు. పదేండ్ల క్రితం అవ్వ ఏ మోకాలు పట్టుకొని మెట్టు ఎక్కేదో ఇంటివారికే తెలుసు.